అసోసియేషన్‌లో చేరాలా? నాన్న వద్దంటున్నారు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, తన షెడ్డు ఉన్న పారిశ్రామికవాడ పేరు రాయొద్దన్నారు కాబట్టి, నగరంలోని ఒక పాత వాడ అని మాత్రం చెబుతాను. ఆమెకు 36 ఏళ్లు. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుండగా వాళ్ల నాన్నగారికి పక్షవాతం వచ్చింది. అన్నదమ్ములు లేరు. ఉద్యోగం మానేసి, మూడేళ్లుగా ఆయన మెషిన్ షాపు తనే నడుపుతున్నారు. అద్దె షెడ్డులో కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ టర్నింగ్ మిషన్లు, ఒక వీఎంసీ (మిల్లింగ్ మిషన్), నాన్నగారి కాలం నాటి లేత్‌లు ఉన్నాయి. 14 మంది పనిచేస్తారు. వాళ్లలో ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. పంపు షాఫ్టులు, స్లీవులు, బుష్‌లు చేసిస్తారు. సంస్థ ఇప్పటికీ నాన్నగారి పేరు మీదే ప్రొప్రయిటర్‌షిప్‌గా ఉంది. 2021 నుంచి చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది.

వాడలోని తయారీదార్ల అసోసియేషన్ వాళ్లు చేరమని అడుగుతున్నారు. ప్రవేశ రుసుము 15 వేలు, ఏడాదికి 6 వేలు, పైగా బిల్డింగ్ ఫండ్ కింద 25 వేలు. నాన్నగారు ఒకప్పుడు అదే అసోసియేషన్‌లో జాయింట్ సెక్రటరీ. 1998 ప్రాంతంలో లెక్కలు చూపమని నిలదీస్తే పక్కనున్నవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదట. రాజీనామా చేసి వచ్చేశారు. ఇప్పుడు మాట సరిగా పలకకపోయినా, ఈ సంగతి ఎత్తితే మాత్రం "ఆ గడప తొక్కకు బిడ్డా" అంటున్నారు. భర్త ఏమో, "ఆ డబ్బుతో ఇన్సర్ట్‌లు కొనుక్కో, వాళ్లు ఇచ్చేది ఒక కేలండరు, ఏడాదికో విందు" అంటున్నారు. సెక్రటరీగారిది రెండు వీధుల అవతల ఇదే పని చేసే షాపు. కిందటేడు ఈమె దగ్గరి మంచి ఆపరేటర్ ఆయన దగ్గరికే వెళ్లిపోయాడు. వైస్ ప్రెసిడెంట్‌గారిది పంపుల కంపెనీ. ఈమె టర్నోవర్‌లో నలభై శాతం ఆయన ఆర్డర్లే. ఆయన నుంచి 11 లక్షల 40 వేలు రావాలి, పాత బిల్లుకు అయిదు నెలలు. గట్టిగా అడిగితే, 60 షాఫ్టులకు బేరింగ్ కూర్చునే చోట సైజు తక్కువొచ్చిందని అన్నారు. ఆ మాట అన్నది సరుకు చేరిన 70 రోజులకు.

"చేరితే నా డబ్బు వస్తుందా? చేరకపోతే ఒంటరినైపోతానా? వీళ్లిద్దరూ ఉన్న చోట నేను కూర్చుని ఏం మాట్లాడగలను? నాన్నను బాధపెట్టకుండా ఏదైనా దారి ఉందా?" ఇదీ ఉత్తరం సారాంశం.

జవాబు

అమ్మా, చేరాలా వద్దా అన్నది ఒక్కటే ప్రశ్న అన్నట్టు మీరు రాశారు. నాకు ఇందులో నాలుగు కనిపిస్తున్నాయి: రావాల్సిన డబ్బు, పోటీదారు మీద అనుమానం, నాన్నగారి మనసుకు తగిలిన దెబ్బ, సభ్యత్వం. బాకీ పడ్డ మనిషీ పోటీ మనిషీ ఒకే కమిటీలో ఉండడంతో అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఒక్కొక్కటీ విడదీద్దాం. డబ్బు సంగతి ముందు చూడాలి, అది రోజులు గడిచేకొద్దీ పాడయ్యే విషయం.

మీ బాకీ వసూలుకూ ఏ అసోసియేషన్ సభ్యత్వానికీ సంబంధం లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ఇచ్చిన హక్కు మీకు ఉద్యం నంబరుతోనే ఉంది. చెల్లింపు గడువు కాగితం మీద రాసుకోకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో డబ్బివ్వాలి. రాసుకుంటే ఆ గడువులోపు ఇవ్వాలి. కానీ ఎంత రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. పీఓ (కొనుగోలు ఆర్డరు) వెనక '90 రోజులు' అని అచ్చేసి ఉన్నా చట్టం ముందు నిలవదు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా, కట్టాల్సి ఉంటుంది.

ఇప్పుడా 60 షాఫ్టుల సంగతి. సరుకు బాగాలేదనుకుంటే కొనుగోలుదారు చేరిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. అలా చెప్పకపోతే, చేరిన రోజునే సరుకు ఒప్పుకున్నట్టు లెక్క. 70 రోజులకు ఫోన్లో అన్నమాట చట్టం ముందు పెద్దగా పనికిరాదు. అందుకే ఈ రాత్రే ఒక పని చేయండి. ఆ లాట్ డెలివరీ చలాన్ తీసి, వాళ్ల గేటు దగ్గర కొట్టిన ముద్ర, తేదీ, సంతకం కనిపిస్తున్నాయో లేదో చూడండి. చాలా షాపుల్లో డ్రైవరు తెచ్చిన చలాన్ నూనె చేతులతో మడిచి ఏ డబ్బాలోనో పడేస్తారు. ఆరు నెలలకు అక్షరాలు మాసిపోతాయి. ఆ కాగితం, మీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఈ-వే బిల్లు, ఇన్‌వాయిస్ నాలుగూ ఒకే ఫైల్లో ఉంటే మీ చేతిలో సగం కేసు ఉన్నట్టే. ఇన్‌వాయిస్ మీద ఉద్యం నంబరు వేస్తున్నారా? వేయకపోతే రేపటి బిల్లు నుంచి వేయండి.

ఆ తర్వాత మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, చిన్న సంస్థల బాకీ తగాదాలు తీర్చే, రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడం. వాళ్లు ముందు రాజీకి పిలుస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది. మీకు అనుకూలంగా తీర్పు వచ్చాక దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ఆయన తీర్పు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. చిన్నవాళ్లకు ఇది గట్టి రక్షణ. కానీ చట్టంలో 90 రోజులని ఉన్నా, ఆచరణలో అంతకన్నా చాలా ఎక్కువ పట్టొచ్చు. ఫిర్యాదు చేరిన మర్నాటి నుంచి ఆయన ఆర్డర్లు ఆగిపోతాయని కూడా అనుకోండి. నలభై శాతం పని ఒక్క నెలలో పోతే, రెండు సీఎన్‌సీల ఈఎంఐ, 14 మంది జీతాలు ఎన్ని నెలలు లాగగలరు? ఆ లెక్క కాగితం మీద వేసుకోకుండా ఈ మెట్టు ఎక్కకండి.

రెండోది, ఏమీ చేయకుండా ఓపిక పట్టడం. పైకి మర్యాదగా కనిపిస్తుంది గానీ, మూడు దారుల్లో ఎక్కువ ఖర్చు దీనికే. వర్కింగ్ క్యాపిటల్ మీద మీరు కట్టే వడ్డీతో ఆయన వ్యాపారం నడుస్తుంది. బాకీ పాతబడేకొద్దీ రిజెక్షన్ల కథలు పెరుగుతాయి. మూడేళ్లు దాటితే కాలపరిమితి చిక్కు కూడా వస్తుంది.

మూడోది, ఈ రెండింటికీ మధ్య. గొడవ భాష లేకుండా ఒక ఉత్తరం రాయండి. బిల్లుల వారీగా తేదీలు, చలాన్ నంబర్లు పెట్టండి. 15 రోజుల్లోపు రాతపూర్వక అభ్యంతరం రాలేదన్న మాట స్పష్టంగా రాయండి. షాఫ్టులు వెనక్కి పంపితే మీ ఖర్చుతో కొలిపిస్తానని చెప్పండి. అది వైస్ ప్రెసిడెంట్‌గారి ఇంటికో అసోసియేషన్ ఆఫీసుకో వద్దు, కంపెనీ అకౌంట్స్ విభాగానికి పంపండి. అక్కడి మనిషికి రెండు విషయాలు తెలుసు. కంపెనీ అయితే, 45 రోజులు దాటిన చిన్న సంస్థల బాకీల జాబితా ఆరు నెలలకోసారి కంపెనీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇక ఆదాయపు పన్ను చట్టంలో 2023లో తెచ్చిన మార్పు ప్రకారం, చిన్న సంస్థలకు గడువులోపు చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి లేదు, చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. ఈ దారిలో ఫలితం ఖాయమని చెప్పను, కానీ తలుపు మూసుకుపోదు. రేపు కౌన్సిల్‌కు వెళ్లాల్సి వచ్చినా ఈ ఉత్తరమే మీకు మొదటి ఆధారం. నేనైతే దీనితో మొదలుపెడతాను.

అసోసియేషన్‌లో చేరి, ఆ చనువుతో డబ్బు అడుగుదామన్న ఆలోచన మీ ఉత్తరంలో ఒక మూల కనిపించింది. దాన్ని వదిలేయండి. బాకీ కోసం చేరితే, ఆ డబ్బు వచ్చినా రాకపోయినా రెండో ఏడాది రుసుము కట్టడానికి మీకు కారణం మిగలదు. పైగా "మనమంతా ఒకటే కదమ్మా, కాగితాలెందుకు" అన్న మాటతో ఆరు నెలలు గడిచిపోతాయి.

అలాగైతే ఎందుకు చేరాలి? మీవారు అన్న కేలండరు, విందు మాటలో కొంత నిజం ఉంది. అలా బతుకుతున్న సంఘాలు ఉన్నాయి. కానీ ఒక్క షెడ్డు తన బలంతో ఎప్పటికీ చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. జీడిమెట్ల చూడండి. 1980ల చివర్లో అక్కడి పరిశ్రమలు కలిసి ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం పెట్టుకున్నాయి. ఏ చిన్న యూనిట్ అయినా సొంతంగా అలాంటిది కట్టి నడపగలదా? 2012లో పవర్ హాలిడేలతో వారంలో కొన్ని రోజులు మిషన్లు ఆగిపోయిన కాలం నాన్నగారిని అడగండి, చెబుతారు. అలాంటప్పుడు ఒక్కో షెడ్డు యజమాని వెళ్లి మొరపెట్టుకుంటే వినే నాథుడు ఉండడు. కరెంటు ఛార్జీలు మార్చే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, మీరూ రాయొచ్చు. కానీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వేసిన వందల పేజీల పిటిషన్ చదివి, ఫిక్స్‌డ్ ఛార్జీ ఎక్కడ పెరుగుతోందో పట్టుకుని, లెక్కలతో నిలబడి మాట్లాడే తీరిక మీకు ఉందా? పరిశ్రమల సంఘాలు ఆ పని చేస్తాయి. దాని ఫలితం సభ్యులకే కాదు, బయట ఉన్న మీకూ అందుతుంది. మరి ఊరికే అందేదానికి డబ్బెందుకు కట్టడం అంటే, అందరూ అలా అనుకున్న రోజున ఆ పిటిషన్ చదివేవాళ్లు ఉండరు.

ఇంకా దగ్గరి విషయం మీ ఉత్తరంలోనే ఉంది. ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గరి ముగ్గురు ఆడవాళ్లు రెండో షిఫ్టు అయ్యాక బస్‌స్టాప్ దాకా చీకట్లో నడవలేక, మీరే కారులో దింపుతున్నట్టు రాశారు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పారిశ్రామికవాడల్లో చాలాచోట్ల ఆస్తి పన్ను వసూలు, వీధి దీపాలు, రోడ్లు, మురుగు కాలువల పని ఐలా (పారిశ్రామికవాడ స్థానిక అధికార సంస్థ) చూస్తుంది. వాడలో కట్టిన పన్నులో కొంత వాడలోనే ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఏ వీధికి అన్నది నిర్ణయమయ్యే చోట కూర్చునేది ఎక్కువగా అసోసియేషన్ వాళ్లే. ఆ గదిలో ఆడవాళ్లను రెండో షిఫ్టులో పనికి పెట్టుకున్న యజమాని ఒక్కరూ లేకపోతే, చివరి వీధి దీపం జాబితాలోకి ఎప్పుడు ఎక్కుతుంది? మీరు అడగాల్సినవి మీకే తెలుసు. మీ బదులు ఇంకొకరికి అవి తట్టవు.

తెలుసుకోవడం ఇంకొక లాభం. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, వేతనం నిర్వచనం మారింది. 14 మంది ఉన్న షాపులో హెచ్‌ఆర్ ఎవరు? మీరే. అకౌంటెంట్ ఎవరు? నెలకు రెండుసార్లు వచ్చే ఆయన. అసోసియేషన్ ఒక సాయంత్రం తెలిసినవాళ్లను పిలిపించి చెప్పిస్తే, మీలాంటి ముప్పైమంది సందేహాలు ఒకేసారి తీరతాయి. కోటేషన్‌లో అర్థంకాని ఒక షరతు, బ్యాంకులో తాకట్టు లేకుండా క్రెడిట్ గ్యారంటీ కింద అప్పు ఇవ్వనన్న మేనేజరు, పాత వీఎంసీ స్పిండిల్ బాగుచేసే నమ్మకమైన మెకానిక్: ఇలాంటివి ఏ పుస్తకంలోనూ దొరకవు. పక్క షెడ్డు మనిషి మీటింగ్ అయ్యాక టీ తాగుతూ చెబుతాడు.

మీ నలభై శాతం సమస్యకు మందు కూడా కొంత ఇక్కడే ఉంది. మీ బలహీనత వైస్ ప్రెసిడెంట్‌గారు చెడ్డవారు కావడం కాదు, ఆయన ఒక్కరి మీదే మీరు ఇంతగా ఆధారపడడం. కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో ఏటా కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్న విధానం అమల్లో ఉంది. 2012లో మొదలైనప్పుడు ఇది 20 శాతం. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, మిధాని, బీడీఎల్, హెచ్‌ఏఎల్ అన్నీ కూతవేటు దూరంలోనే ఉన్నాయి. వాళ్ల వెండర్ డెవలప్‌మెంట్ సమావేశాల కబురు ముందు అసోసియేషన్లకే చేరుతుంది. అయితే ఒక మాట: వెండర్ రిజిస్ట్రేషన్, శాంపిల్, అప్రూవల్ అయ్యేసరికి నెలలు పడుతుంది, చెల్లింపూ వెంటనే రాదు. ఈ నెల గడవడానికి అది పనికిరాదు. ఏడాది తర్వాత నలభై శాతం పాతికకు దిగడానికి పనికొస్తుంది. వేరే షాపుల్లో పని ఎక్కువై ఇతరులకిచ్చే జాబ్‌వర్క్ మాత్రం త్వరగా దొరుకుతుంది, అది పరిచయాల మీదే నడుస్తుంది.

ఇక సెక్రటరీగారు. ఆపరేటర్‌ను లాక్కున్నారన్న కోపం న్యాయమైనదే. అయినా మీరు చేరినా చేరకపోయినా ఆయన రెండు వీధుల అవతలే ఉంటారు. మీ జాగ్రత్త మీరు తీసుకోండి. సభ్యత్వ ఫారంలో టర్నోవర్ అడుగుతారు, రుసుము దాన్నిబట్టి ఉంటే శ్లాబు మాత్రం రాయండి. కస్టమర్ల పేర్లు, రేట్లు, డ్రాయింగులు ఎవరడిగినా మాట్లాడకండి. ముఖ్యంగా, "జాబ్‌వర్క్ గంటకు ఇంతకన్నా తక్కువ ఎవరూ తీసుకోవద్దు" అని ఏ మీటింగ్‌లోనైనా మాట మొదలైతే లేచి వచ్చేయండి, మినిట్స్‌లో మీ అభ్యంతరం రాయించండి. పోటీదారులు కలిసి రేట్లు నిర్ణయించుకోవడం 2002 నాటి పోటీ చట్టం కింద నేరుగా తప్పు. అసోసియేషన్ పేరుతో చేసినా జరిమానా తప్పదు. సంఘంలో చేరితే రేట్లు పెరుగుతాయని ఎవరైనా మీకు ఆశపెడితే, ఆ ఒక్క కారణంతోనే దూరంగా ఉండొచ్చు.

ఇంకొక చిక్కు ఉంది, మీరు రాయలేదు గానీ మీ ఉత్తరంలోనే దాగుంది. మీది అద్దె షెడ్డు. అసోసియేషన్‌ను నడిపేవాళ్లలో ఎక్కువమంది ప్లాట్ల యజమానులై ఉంటారు. 2025 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక భూములను రుసుము కట్టి ఇతర అవసరాలకు మార్చుకునే విధానం తెచ్చింది. ప్లాటు యజమానికి అది ఒక అవకాశం. మీకు మాత్రం షెడ్డు ఖాళీ చేయమనే మాట రావొచ్చు. మీ వాడ ఆ జాబితాలో ఉందో లేదో ముందు తెలుసుకోండి. ఉంటే అసోసియేషన్ ఈ విషయంలో ఎవరి తరఫున మాట్లాడుతుందో అడగండి. అద్దెదారులకు ఓటు ఉందా? కమిటీలో ఒక్క అద్దెదారైనా ఉన్నారా? నాకు అన్నింటికన్నా పెద్ద ప్రశ్న ఇదే అనిపిస్తోంది. మీ మిషన్లు పునాదుల మీద బిగించి ఉన్నాయి. వాటిని ఇంకో చోటికి తరలించి, లెవెల్ చేసి, మళ్లీ అప్రూవల్ తెచ్చుకోవడం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. అద్దెదారులు బయటే ఉండిపోతే వాళ్ల మాట లేకుండానే తీర్మానాలు అయిపోతాయి. లోపల ఉన్నా ఓటు లేకపోతే కట్టిన డబ్బుకు తగ్గ విలువ లేదు. బైలాస్ (సంఘం నియమావళి) చదవకుండా ఈ విషయం తేలదు.

నాన్నగారి దగ్గరికి వద్దాం. ఆయన సంఘాలంటే పడని మనిషి కాదు. అలాంటివారైతే జాయింట్ సెక్రటరీగా పని చేసి ఉండేవారు కాదు. లెక్కలు అడిగితే తోటివాళ్లు తల దించుకున్నారు, అదీ ఆయన బాధ. అందుకే ఆయనకు తెలియకుండా చేరడం ఒక్కటి మాత్రం చేయకండి. వాడలో నాలుగు నోళ్లలో పడి ఆ కబురు ఇంటికి చేరుతుంది, అప్పుడు ఆ రోజు తల దించుకున్నవాళ్లలో మీరూ ఒకరైనట్టు ఆయనకు అనిపిస్తుంది. దానికి బదులు ఆయన అప్పుడు వేసిన ప్రశ్ననే మీరు మళ్లీ వేయండి. ఇక్కడి సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. పాతవి అంతకుముందు 1350 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరం) నాటి చట్టం కింద నమోదైనవి. ఏ చట్టం కింద పుట్టినా ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, లెక్కలు ఆడిట్ కావాలి, కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు చేరాలి. చేరమని మళ్లీ వచ్చినప్పుడు గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, బైలాస్, చివరి ఎన్నిక తేదీ అడగండి. ఇస్తే ఆ కాగితాలు నాన్నగారి మంచం పక్కన కూర్చుని చదివి వినిపించండి. మాట సరిగా రాకపోయినా ఆయన కళ్లు లెక్కలు చూడగలవు. చూశాక కూడా వద్దంటే, ఆ మాటకు పాత కోపం కన్నా బలమైన కారణం ఉండొచ్చు, వినండి. ఇవ్వకపోతే మీ నిర్ణయం వాళ్లే చేసి పెట్టినట్టు.

ఈ ఒక్క అసోసియేషనే దిక్కని కూడా అనుకోకండి. రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌టీసీసీఐ (తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య) 1917 నుంచి ఉంది. పాలసీ, పన్నులు, విద్యుత్, ఎగుమతుల కాగితాల వంటి పెద్ద విషయాల్లో దాని గొంతు పెద్దది. మీ వీధి దీపం మాత్రం అక్కడ తేలదు. 1993లో మొదలైన ఎలీప్ మహిళా పారిశ్రామికవేత్తల సంఘం, గాజులరామారంలో వాళ్లదే పారిశ్రామికవాడ ఉంది. మగవాళ్లతో నిండిన గదిలో మొదటిసారి నోరు విప్పడం కష్టమని మీరు రాశారు. అలాంటి చోట ముందు కొన్నాళ్లు ఉండి, అనుభవమున్న ఆడవాళ్లతో మాట్లాడి, ఆ తర్వాత వాడ అసోసియేషన్‌కు వెళ్లినా తప్పులేదు. సీఎన్‌సీ శిక్షణకైతే అసలు ఏ సభ్యత్వమూ అక్కర్లేదు. 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో స్వల్పకాలిక కోర్సులు ఉంటాయి, మీ కొత్త కుర్రాళ్లను పంపొచ్చు.

మహిళల సంస్థల గురించి ఒక జాగ్రత్త. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో మహిళలవైన చిన్న సంస్థలకు 3 శాతం కేటాయింపు ఉంది. కానీ మీ సంస్థ నాన్నగారి పాన్ మీద ఉంది కాబట్టి కాగితాల ప్రకారం అది మహిళది కాదు. మీ పేరు మీదకో, మీ వాటా ఎక్కువగా ఉండే ఇద్దరి భాగస్వామ్యానికో మార్చుకోవచ్చు. మారిస్తే పాన్, జీఎస్టీ, ఉద్యం అన్నీ మారిపోతాయి. కస్టమర్ల దగ్గర వెండర్ కోడ్ మళ్లీ తెచ్చుకోవాలి, బ్యాంకు లిమిట్ మళ్లీ రాయించుకోవాలి. ఆ 11 లక్షల 40 వేల బాకీ పాత ఉద్యం నంబరు కింద పుట్టింది కాబట్టి, దాని ఉత్తరమూ అవసరమైతే ఫిర్యాదూ పాత పేరు మీదే నడిచేలా చూసుకుని, ఆ తర్వాత మార్పు సంగతి మంచి చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడండి. నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా దీన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయడం కూడా మంచిది కాదు. ప్రొప్రయిటర్‌షిప్‌లో యజమాని సంతకం ఆగిపోతే షాపే ఆగిపోతుంది.

ఇక చేరడం, చేరకపోవడం. ఇప్పుడే చేరితే వీధి దీపం నుంచి కరెంటు ఛార్జీ దాకా మాట్లాడే చోటు దొరుకుతుంది, కానీ బాకీ గొడవ మధ్యలో ఉంది కాబట్టి మొదటి కొన్ని నెలలు ఇబ్బందిగానే గడుస్తాయి. బయటే ఉంటే డబ్బు మిగులుతుంది, మనశ్శాంతి కొంత మిగులుతుంది, షెడ్డు గురించిన నిర్ణయాలు మాత్రం మీ చెవిన పడేసరికి ఆలస్యమవుతుంది. మధ్యే మార్గం, అతిథిగా రెండు సమావేశాలకు వెళ్లి చూస్తానని అడగడం. చాలా సంఘాలు కాదనవు. ఎవరు మాట్లాడుతున్నారు, చిన్న షాపుల వాళ్లు నోరు విప్పుతున్నారా, కిందటి తీర్మానాలు ఏమయ్యాయని ఎవరైనా అడుగుతున్నారా అన్నది అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. మీ స్థితిలో నాకు ఇది సరైనదనిపిస్తోంది, బాకీ ఉత్తరం పంపిన తర్వాత. వైస్ ప్రెసిడెంట్‌గారు ఎదురుపడితే నమస్కారం పెట్టి కూర్చోండి. లెక్క అకౌంట్స్ విభాగంతో నడుస్తోంది కదా, అక్కడ ఆ మాట ఎత్తాల్సిన పని లేదు.

బిల్డింగ్ ఫండ్ 25 వేలు మాత్రం ఇప్పుడు కట్టకండి. అది సభ్యత్వానికి తప్పనిసరా, ఇష్టపూర్వకమా అన్నది బైలాస్‌లోనో సర్వసభ్య తీర్మానంలోనో రాసి ఉండాలి, ఆ కాపీ అడగండి. ఇష్టపూర్వకమైతే ప్రవేశ రుసుము, ఏడాది రుసుము కలిపి 21 వేలు చెక్కు రూపంలో సంస్థ పేరున ఇచ్చి, నంబరున్న రసీదు తీసుకోండి. ఫండ్ సంగతి మొదటి సర్వసభ్య సమావేశంలో లెక్కలు విన్నాక చూద్దామని చెప్పండి.